తాబేలు గుడ్లను కదపాలా, వద్దా? ఆలివ్ రిడ్లే గూళ్ల సంరక్షణ: రాత్రి గస్తీ నుంచి గూడు తవ్వి లెక్క తేల్చేదాకా

ఒడిశాలో గహిర్మాత, రుషికుల్య తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలల్లో, కొన్నేళ్లయితే లక్షల్లో ఒకేసారి వస్తాయి. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న తీరంలో అలా జరగదు. జనవరి నుంచి మార్చి వరకు, కాస్త ఏప్రిల్‌లోకి కూడా, ఒక్కోటి ఒక్కో చోట రాత్రిపూట ఒడ్డెక్కి వంద, నూట ఇరవై గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఎక్కడ ఎక్కుతుందో ముందుగా తెలియదు. అందుకే ఇక్కడ పనంతా కాళ్ల మీద, రిజిస్టరు మీద నడుస్తుంది.

ముందు చట్టం సంగతి. ఈ తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో ఉంది. ఆ చట్టంలో 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో పక్షుల, తాబేళ్ల వంటి సరీసృపాల గుడ్లనూ గూళ్లనూ కదపడం కూడా ఉంది. మంచి ఉద్దేశంతో చేశామంటే సరిపోదు. గుడ్లు ముట్టుకునే ప్రతి బృందం అటవీ శాఖ అనుమతితో, వాళ్ల సిబ్బందితో కలిసి పనిచేయాలి. పరిశోధన కోసమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లిఖిత అనుమతి కావాలి. అనుమతి కాపీ గస్తీ సంచిలోనే ఉంచుకోండి. అర్ధరాత్రి బీచ్‌లో బకెట్‌తో గుడ్లు పట్టుకెళ్తున్న మనిషి ఎవరి కంటికైనా దొంగలాగే కనిపిస్తాడు.

కదపకుండా ఉండగలిగితే కదపకండి

హేచరీ (గుడ్లను తెచ్చి పాతి, కంచె వేసి కాపాడే చోటు) రెండో దారి. గుడ్లకు అన్నిటికన్నా మంచి చోటు తల్లి తవ్విన గుంతే. ఎంత జాగ్రత్తగా మార్చినా కొన్ని గుడ్లు పోతాయి, ఒకే చోట పోగేసిన గూళ్లకు ఒకే ప్రమాదం అన్నిటికీ కలిపి వస్తుంది. ఒక్క తుపాను కెరటం సీజను మొత్తాన్నీ తుడిచేయగలదు. గూడు పోటు నీరు చేరే గీతకు దిగువన ఉన్నప్పుడు, కుక్కలో నక్కలో అడవిపందులో ఆ మేరలో గూళ్లన్నీ తవ్వేస్తున్నప్పుడు, గుడ్లు ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నప్పుడు, పక్కనే రోడ్డు దీపాలు వెలుగుతున్నప్పుడు మాత్రమే మార్చండి. మిగతా వాటి మీద ఒక మీటరు చదరపు ఇనుప వలను ఇసుకలో అర అడుగు లోతున పరచి, అంచులు వంచి పూడ్చితే చాలు. వల కన్ను పిల్ల దూరి వచ్చేంత, అంటే కనీసం 7, 8 సెంటీమీటర్లు ఉండాలి. కుక్క తవ్వలేదు, పిల్ల ఆగిపోదు. పైన జెండా, బోర్డు పెట్టకండి. అది కుక్కకు అక్కర్లేదు గానీ దొంగకు పనికొస్తుంది. రెండు స్థిరమైన గుర్తుల నుంచి (సరుగుడు చెట్టు, కరెంటు స్తంభం) టేపుతో దూరం కొలిచి రాసుకోండి.

గస్తీ దూరం గడియారమే నిర్ణయిస్తుంది

గుడ్డు బయటపడిన కొద్ది గంటల్లో లోపలి పిండం పెంకు పైభాగపు పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే ఆ అతుకు తెగి పిండం చనిపోతుంది. కాబట్టి పెట్టిన రెండు గంటల్లోపే గుడ్లు కొత్త గుంతలోకి చేరాలన్నది పని నియమం. ఇసుకలో మనిషి నడక గంటకు సుమారు 3 కిలోమీటర్లు. ఒక బృందానికి 3 కిలోమీటర్ల తీరం ఇస్తే వెళ్లి రావడానికి రెండు గంటలు. అయిదు కిలోమీటర్లు ఇస్తే మూడు గంటలు దాటుతుంది, మొదట్లో పెట్టిన గూడు గడువు మీరిపోతుంది. మనుషులు తక్కువున్నారని దూరం పెంచడం చాలాచోట్ల జరిగే తప్పు. దానికన్నా తీరంలో గూళ్లు ఎక్కువ దొరికే 3 కిలోమీటర్లనే ఎంచుకుని సరిగ్గా తిరగడం మేలు.

బృందానికి ముగ్గురు. చేతిలో ఉండాల్సినవి: ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టిన టార్చి, గుడ్డ టేపు (ఇనుప టేపు వంపు మీద వంగదు), మూతలేని 15 లీటర్ల బకెట్, పెన్సిలు, రిజిస్టరు. పెన్నులు తడికి ఆగిపోతాయి. దోమల మందు రాసుకున్న చేతులతో గుడ్లు ముట్టకూడదు. రాసుకోవాలంటే మెడకూ కాళ్లకే రాసుకోండి.

నీటి అంచున, తడి ఇసుక మీద నడవండి. తాబేలు జాడ అడ్డంగా దొరుకుతుంది. రిడ్లే జాడ వెడల్పు సుమారు 70 నుంచి 80 సెంటీమీటర్లు. ముందు రెక్కల గుర్తులు ఎడమ కుడి ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, కామాలు వరసగా పెట్టినట్టు. రెండు పక్కలా గుర్తులు సమానంగా, ఎదురెదురుగా పడి, జాడ మీటరు దాకా ఉంటే అది పచ్చ తాబేలు. మన తీరంలో అరుదు, కాబట్టి ఫొటో తీయకుండా వదలొద్దు.

ఒక చోట రెండు జాడలుంటాయి, ఎక్కింది, దిగింది. ఒకదాని మీదుగా మరొకటి పోయినచోట పైనున్నదే దిగిన జాడ. పోటు తగ్గుతున్న వేళ తాబేలు వస్తే దిగిన జాడ ఎక్కినదానికన్నా పొడవుగా ఉంటుంది, ఎందుకంటే ఈలోగా నీరు వెనక్కి పోయింది. ఎంత తేడా ఉందో చూసి, ఆ రోజు ఆటు పోట్ల వేళలతో పోల్చితే గూడు ఎంతసేపటి క్రితందో అంచనాకు వస్తుంది. గుడ్లు కదపాలా వద్దా అన్న నిర్ణయం ఈ అంచనా మీదే ఆధారపడుతుంది. ఇసుక ఎగజల్లిన ఆనవాలు లేకుండా జాడ ఊరికే వంపు తిరిగి వెళ్లిపోతే గుడ్లు పెట్టలేదని అర్థం. అదీ రాయాలి. అలాంటి జాడలు ఒకే మేరలో పెరుగుతుంటే అక్కడ కొత్త దీపమో, కుక్కల గుంపో, బండరాళ్ల గోడో ఉందేమో చూడండి.

తాబేలే ఎదురైతే ఆగిపోండి, టార్చి ఆపేయండి, కూర్చోండి. అది గుంత తవ్వుతున్నంతసేపూ చిన్న అలికిడికే వెనుదిరుగుతుంది. గుడ్లు జారడం మొదలయ్యాక అంతగా బెదరదు, అప్పుడు వెనుక వైపు నుంచి చేరవచ్చు. పెట్టడం అయ్యాక వెనుక రెక్కలతో ఇసుక కప్పి, ఒళ్లంతా ఎత్తి ఎడమకూ కుడికీ ఊగుతూ కింది డిప్పతో దబ్‌దబ్‌మని అణుస్తుంది. ఆ చప్పుడు నిశ్శబ్దంలో కొంత దూరం వినిపిస్తుంది. ఎక్కడం నుంచి దిగడం దాకా మొత్తం గంటలోపే ముగుస్తుంది. పైడిప్ప పొడవు అది తిరిగి వెళ్లేటప్పుడు మాత్రమే కొలవండి: మెడ వెనుక నొక్కు నుంచి తోక పైన చివరి పలక కొన దాకా, టేపు వంపును అంటిపెట్టుకుని. డిప్ప మీద అంటుకున్న బార్నకిల్స్ (గట్టి పెంకున్న చిన్న సముద్ర జీవులు) టేపు దారిలో ఉంటే ఆ మాట రాయండి, పీకకండి.

గుడ్లు తీయడం

తల్లి వెళ్లిపోయాక గుంత నోరు పట్టుకోవడమే కష్టం. చెదిరిన ఇసుక ఒక మీటరు మేర ఉంటుంది, గుడ్ల గుంత నోరు జానెడే. అనుభవం ఉన్నవాళ్లు సన్నటి మొద్దు కొన కర్రతో ఇసుకను మెల్లగా తడుముతారు. గట్టి ఇసుకలో కర్ర ఆగుతుంది, తవ్వి కప్పిన చోట చటుక్కున దిగుతుంది. దిగిన క్షణమే ఆపాలి. ఒక్క అంగుళం ఎక్కువ దిగితే గుడ్డు పగులుతుంది, ఆ సొన వాసనకు చీమలు, పీతలు చేరి పక్క గుడ్లనూ పాడుచేస్తాయి. కొత్తవాళ్లు కర్ర వాడకండి. అరచేతులతో పొర పొరగా తీస్తూ పోతే తడిగా, వదులుగా ఉండే ఇసుక దారి చూపిస్తుంది.

మొదటి గుడ్డు కనిపించగానే గడియారం చూసి టైము రాయండి. బకెట్ అడుగున అదే గుంతలోని తడి ఇసుక నాలుగు వేళ్ల మందం వేయండి. గుడ్డును బొటనవేలు, రెండు వేళ్లతో పట్టి, పైభాగం పైకే ఉండేలా ఎత్తి, అలాగే దించండి. ఇద్దరు గట్టిగా లెక్కపెట్టాలి, ఒకరు పదేసి గుడ్లకు ఒక గీత గీయాలి. గుడ్లన్నీ తీశాక ఖాళీ గుంతలోకి చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఇసుక మట్టం దాకా లోతు కొలవండి. హేచరీలో తవ్వాల్సింది ఇదే లోతు. బకెట్ పైన తడి ఇసుక పలచగా చల్లి, చేత్తో మోసుకుంటూ నడిచి తీసుకెళ్లండి. బైకు మీద గుంతల దారిలో బకెట్ కుదుపుతూ తెచ్చిన గుడ్లు ఆ రాత్రి బాగానే ఉంటాయి. నష్టం యాభై రోజుల తర్వాత గూడు తవ్వినప్పుడు కనిపిస్తుంది.

పొద్దున ఆరింటికి గూడు దొరికింది, ఎప్పుడు పెట్టిందో తెలియదు. అప్పుడేం చేయాలి? కదపకండి, వల పరచి వదిలేయండి. అలలు కొట్టుకుపోయే చోట ఉంటే తప్పదు. అప్పుడు ప్రతి గుడ్డు పైన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, చుక్క పైకే ఉండేలా ఒక్కోటి తీసి అలాగే పేర్చాలి. ఇందుకు గంట పైనే పడుతుంది, ఎండ రాకముందే ముగించాలి.

హేచరీ

అధిక పోటు గీతకు బాగా పైన, కాలువ ముఖద్వారానికి దూరంగా, చెట్ల వేళ్లు లేని ఇసుక నేల కావాలి. అరవై గూళ్లకు 12 మీటర్లు బై 8 మీటర్లు: గూటికీ గూటికీ నడుమ మీటరు, చుట్టూ నడవడానికి మీటరు. అంతకన్నా దగ్గర చేస్తే ఒక గూటి వేడి పక్కదాన్ని తాకుతుంది, పైగా ఒక గూడు తవ్వుతుంటే పక్కది కూలుతుంది. కంచె వల రెండడుగులు భూమిలోకి దిగాలి, అడుగున బయటి వైపు వంచాలి. కుక్కకన్నా ఇసుక పీతలతోనే ఎక్కువ బాధ. వాటికోసం అడుగు భాగంలో సన్న కన్ను వల వేయాలి.

సీజనుకు ముందే ఇసుకను మీటరు లోతు దాకా తిరగేసి జల్లించాలి. బాలబంది తీగ వేరు ముక్క మిగిలినా రెండు నెలల్లో గూట్లోకి దూరి గుడ్లను చుట్టేస్తుంది. నిరుటి పెంకులు మిగిలితే బూజు. పోయినేడాది వాడిన చోటే మళ్లీ వాడటం వల్ల బాగా నడుస్తున్న హేచరీలు కూడా మూడో ఏడాదికి దిగజారతాయి. స్థలం మార్చండి, అది కుదరకపోతే ఆ మేర ఇసుక మొత్తం మార్చండి.

గుంత కుండలా ఉండాలి: లోతు 45 సెంటీమీటర్లు, నోరు 18 నుంచి 20, కింద పొట్ట 25 నుంచి 30. పైనున్న పొడి ఇసుకను ముందు వెడల్పుగా పక్కకు తోసేయాలి, లేకపోతే తవ్వుతున్నంతసేపూ కారుతూనే ఉంటుంది. తడి ఇసుక వచ్చాక బోర్లా పడుకుని, కొబ్బరి చిప్పతో గీరుతూ దిగండి. చాలామంది నోరు తవ్వి పొట్ట మర్చిపోతారు. నిట్టనిలువు గొట్టంలో పేర్చిన గుడ్ల కింది వరసలపై బరువు పడుతుంది, గాలి అందదు. గుడ్లు పేర్చాక తడి ఇసుక ముందు, పొడి ఇసుక పైన వేయండి. అరచేత్తో తట్టండి, కాలితో తొక్కకండి. రెండు గూళ్ల గుడ్లు ఎప్పుడూ కలపకండి. పైన కర్రకు పలక కట్టి గూడు నంబరు, తేదీ, దొరికిన చోటు, గుడ్ల సంఖ్య రాయండి.

ఇక వేడి. తాబేలు పిల్ల ఆడో మగో పుట్టుకతో వచ్చే జీను తేల్చదు, పొదిగే కాలంలో నడిమి మూడో వంతు రోజుల్లో ఇసుక ఎంత వేడిగా ఉందో అది తేలుస్తుంది. సుమారు 29 నుంచి 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, 32 దాటితే దాదాపు అన్నీ ఆడవే, 34, 35 దాటి నిలబడితే చావే. జనవరిలో పాతిన గూడుకు నీడ అక్కర్లేదు, నీడ వేస్తే మగవే పుడతాయి. మార్చిలో పాతినవాటికి మనిషెత్తున తాటాకు పందిరో షేడ్ నెట్టో వేయాలి. పాకెట్ థర్మామీటరు పట్టుకుని పై ఇసుక కొలిస్తే ఏమీ తెలియదు. గూళ్ల మధ్య ఖాళీలో 45 సెంటీమీటర్ల లోతున థర్మామీటరు ప్రోబు పాతి, రోజూ ఒకే వేళకు చూడండి. ఆ లోతులో పగటికీ రాత్రికీ తేడా కొద్దిగానే ఉంటుంది, రోజుకు ఒక కొలత చాలు. వేడి తగ్గించాలని బకెట్లతో నీళ్లు పోయడం పొరపాటు. ఇసుక రంధ్రాలు మూసుకుపోయి గుడ్లకు ఊపిరాడదు.

పిల్లలు వచ్చే రాత్రి

మామూలుగా 45 నుంచి 60 రోజులు పడుతుంది, ఎండ ఎక్కువైతే తొందరగా. నలభయ్యో రోజుకల్లా ప్రతి గూటి చుట్టూ వెదురు తడికో సన్న వల చుట్టో పెట్టండి: అడ్డం రెండడుగులు, ఎత్తు అడుగు, ఇసుకలోకి నాలుగు అంగుళాలు. పిల్లలు పెంకు పగలగొట్టాక పైకి చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ సమయంలో గూడు నడిమిన ఇసుక గిన్నెలా కుంగుతుంది. కుంగిన గూటి దగ్గర రాత్రంతా అరగంటకొకసారి చూడాలి. తెల్లవారుజామున మరీ ముఖ్యం, ఆరు దాటితే కాకులు వాలతాయి, ఏడుకల్లా ఇసుక కాలుతుంది.

వచ్చిన వెంటనే లెక్కపెట్టి, పొడి బుట్టలో తడి గుడ్డ కప్పి తీసుకెళ్లి వదిలేయాలి. నీళ్ల తొట్టిలో వేయకండి. పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొనే దాని దారి బత్తెం. దాంతోనే మొదటి రోజంతా ఆగకుండా ఈది, చేపలు మసిలే ఒడ్డు నీళ్లు దాటాలి. తొట్టిలో ఈదుతూ ఆ బలం అయిపోతుంది. ఫలానా పెద్దమనిషి పొద్దున తొమ్మిదింటికి వచ్చి వదులుతారని రాత్రి పుట్టినవాటిని ఆపడం ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంది. ఫొటో బాగా వస్తుంది. పిల్లలు సొమ్మసిల్లి అలల్లో దొర్లుతుంటాయి. జనానికి చూపించాలనుకుంటే ఆ వేళకు తానుగా వచ్చిన గూడు ఉంటేనే చూపించండి.

నీటికి పది మీటర్ల ఇవతల ఇసుక మీద వదిలి, నడవనివ్వండి. చేతిలో పట్టుకుని నీళ్లలో విసరకండి. రోజూ ఒకే చోట వదిలితే అక్కడ చేపలు కాపు కాస్తాయి, కాబట్టి చోటు మార్చండి. పిల్ల వెలుగున్న వైపు పోతుంది. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీది ఆకాశం. హోటలు దీపమో, ఫోను ఫ్లాషో ఉంటే అటే తిరుగుతుంది. వదిలే అరగంటయినా దగ్గరి దీపాలు ఆర్పించడం ముందుగా మాట్లాడుకోవాల్సిన పని.

గూడు తవ్వి లెక్క తేల్చడం

ఎక్కువ పిల్లలు వచ్చిన రెండు మూడు రోజులకు గూడు తవ్వి అంతా బయటకు తీయాలి. ఈ పనికి వాసన భరించాలి, అందుకే చాలా హేచరీల రిజిస్టర్లలో ఈ గడి ఖాళీగా ఉంటుంది. కానీ ఏడాది పనిలో ఏం తప్పు జరిగిందో చెప్పేది ఇదొక్కటే. కుప్పలుగా విడదీయండి. సగానికి పైగా ఉన్న పెంకునే ఒకటిగా లెక్కించాలి, ముక్కలు లెక్కలోకి రావు.

112 గుడ్ల గూడు అనుకుందాం. ఖాళీ పెంకులు 94, పెంకు చీల్చి ఆగిపోయినవి 3, లోపల పిండం కనిపించే చచ్చిన గుడ్లు 6, ఏమీ ఎదగనివి 9. పొదుగు శాతం 94ను 112తో భాగిస్తే 83.9. గూట్లో బతికి చిక్కుకున్నవి 4, చచ్చినవి 2 దొరికితే, తామంతట పైకొచ్చినవి 88, అంటే 78.6 శాతం. ఈ రెండు అంకెలూ వేర్వేరుగా రాయాలి. వాటి మధ్య ఎడం పెరిగితే గూడు మరీ లోతుగానో, మరీ గట్టిగానో పూడ్చారన్నమాట.

చిన్న పిండాలే గుంపుగా చచ్చి ఉంటే ఆ గూటి రవాణా టైము చూడండి. ఆలస్యమో, కుదుపో బయటపడుతుంది. పూర్తిగా ఎదిగి చచ్చినవి ఎక్కువైతే చివరి రెండు వారాల వేడి, లేదా నీరు నిలవడం. ఏమీ ఎదగనివి ఒక్క గూట్లోనే ఉంటే తల్లి సంగతి కావచ్చు. అదే బృందం తెచ్చిన గూళ్లన్నిటిలోనూ ఉంటే చేతుల సంగతి.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు

గస్తీలో గూళ్లకన్నా కళేబరాలే ఎక్కువ కనిపించే రోజులుంటాయి. 2025 జనవరిలో చెన్నై తీరాన వందల తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, ట్రాలు వలలో చిక్కి గంటల తరబడి నీళ్లలో ఉంటే మునిగి చస్తుంది. పైకి గాయమేమీ కనబడదు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, తాబేళ్లు ఒడ్డుకు చేరేది జనవరి నుంచి మార్చి మధ్య. ఆ నెలల్లో మన తీరంలో వాటికి మిగిలే ప్రధాన రక్షణ రెండే: మరపడవలు ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదన్న నిబంధన, వలలో బిగించే టెడ్ జాలీ. టెడ్ వల గొంతులో ఏటవాలుగా ఉంటుంది, రొయ్య కమ్మీల మధ్య నుంచి వెనక్కి పోతుంది, తాబేలు కమ్మీల మీద జారి పై కిటికీలోంచి బయటపడుతుంది. కిటికీ గుండా చేప కూడా పోతుందన్నది మత్స్యకారుల ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. చెత్త చిక్కుకుని కమ్మీలు మూసుకుపోయినప్పుడు నష్టం ఇంకా పెరుగుతుంది.

కళేబరం దొరికితే తేదీ, జీపీఎస్, పైడిప్ప పొడవు, తోక రాయండి. తోక డిప్ప దాటి పొడవుగా ఉంటే పెద్ద మగది. తాజా, ఉబ్బిన, కుళ్లిన, ఎండిన, ఎముకలు అన్న స్థితుల్లో ఏదో గుర్తించండి. కుళ్లినదానికి తేదీ ఉండదు, ఏ పడవలు ఎప్పుడు తిరిగాయో పోల్చడానికి తాజావే పనికొస్తాయి. మెడ, రెక్కల దగ్గర తాళ్ల కోత, పడవ పంఖా దెబ్బ ఉన్నాయేమో చూసి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. చివరగా డిప్ప మీద పెయింటుతో పెద్ద గుర్తు వేయండి. రేపటి పోటు దాన్ని కిలోమీటరు అవతల వేస్తే ఇంకో బృందం మళ్లీ లెక్కపెట్టకూడదు.

కదలకుండా పడి ఉన్నదంతా చచ్చినట్టు కాదు. కనురెప్పనో తోకనో తాకితే కాస్తయినా కదిలితే అది సొమ్మసిల్లింది. కింది డిప్ప నేలకు ఆనించి, వెనుక భాగం కనీసం జానెడు ఎత్తులో పెట్టి, నీడలో, తడి గుడ్డ కప్పి ఉంచండి, ముక్కు మీద గుడ్డ రాకూడదు. నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా పట్టొచ్చు. వెల్లకిలా తిప్పి పొట్ట నొక్కడం వద్దు. స్పృహ రాకుండా నీళ్లలోకి తోసేస్తే మునిగిపోతుంది. అటవీ సిబ్బందికి వెంటనే ఫోను చేయండి.

ముందు రెక్కకు లోహపు ట్యాగు ఉందేమో రెండు వైపులా చూడటం మరవకండి. 2021లో గహిర్మాతలో ట్యాగు వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరపు తాబేళ్లు పడమటికీ పోతాయని తెలిసింది అక్కడ ఎవరో ఆ అంకెలు చూసి రాసుకోబట్టే. అంకెలు నోటితో చదివి ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూడండి, ఫొటో తీయండి. బతికున్నదైతే ట్యాగు తీయకండి, చచ్చినదైతే తీసి రిజిస్టరు పేజీకి అంటించండి.